ఎస్‌ఎన్‌సీయూలో అమ్మానాన్నలకు ఇచ్చే శిక్షణ: చేతులు కడగడం బాగా నేర్పుతుంది, ఇన్ఫెక్షన్ గురించి సగమే చెబుతుంది

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డనో, పుట్టగానే ఏడవని బిడ్డనో ప్రభుత్వ ఆసుపత్రిలో ఎస్‌ఎన్‌సీయూకి, అంటే జబ్బుపడ్డ నవజాత శిశువుల ప్రత్యేక విభాగానికి, తీసుకెళతారు. ‘బిడ్డను బాక్సులో పెట్టారు’ అని ఇంటికి ఫోన్లు వెళతాయి. అక్కడి నుంచి తల్లి అద్దం ఇవతలా, బిడ్డ అవతలా ఉండటమే చాలా ఏళ్లు నడిచిన పద్ధతి. బయటివాళ్లు లోపలికొస్తే ఇన్ఫెక్షన్ వస్తుందన్నది అప్పుడు చెప్పిన కారణం. ఢిల్లీలోని రామ్‌మనోహర్ లోహియా ఆసుపత్రి దీన్ని తిరగేసింది. తల్లిదండ్రులకు తర్ఫీదు ఇచ్చి లోపలికి రానిచ్చింది. ఆ అనుభవం మీదే కేంద్ర ఆరోగ్య శాఖ 2017లో ‘కుటుంబ భాగస్వామ్య సంరక్షణ’ పేరుతో మార్గదర్శకాలు తెచ్చింది. ఎస్‌ఎన్‌సీయూలో బిడ్డ ఉన్న కుటుంబానికి పైసా ఖర్చు లేకుండా అందాల్సిన సేవ ఇది. ఇన్ఫెక్షన్ విషయంలో ఇది అమ్మానాన్నలకు నిజంగా ఎంత ఉపయోగపడుతుందో ఈ సమీక్షలో చూద్దాం.

శిక్షణ నాలుగు పాఠాలుగా ఉంటుంది. మొదటిది లోపలికి ఎలా రావాలి, చేతులెలా కడగాలి అన్నది. రెండోది బిడ్డను తుడవడం, పాలు పట్టడం, వెలుతురూ చప్పుడూ తగ్గించి నిద్ర చెడకుండా చూడటం. మూడోది కంగారూ పద్ధతి, అంటే బిడ్డను తల్లి గుండెలకు హత్తుకుని ఒంటికి ఒళ్లు తగిలేలా ఉంచడం. నాలుగోది ఇంటికెళ్లాక చేయాల్సినవి. వీడియో చూపిస్తారు, సిస్టర్ చేసి చూపిస్తారు, తర్వాత తల్లితో చేయిస్తారు. తండ్రి, అమ్మమ్మ, నానమ్మ కూడా నేర్చుకోవచ్చు. బాలింతకు ఆపరేషన్ అయి లేవలేని రోజుల్లో ఇది పెద్ద వెసులుబాటు.

మొదటి పాఠానికి పూర్తి మార్కులు ఇవ్వాలి. ఉంగరాలు, గాజులు, వాచీ, ముంజేతికి కట్టిన తాయెత్తు దారం తీయమంటారు. పెద్దవాళ్లు ఇక్కడ కాస్త అభ్యంతరం చెబుతారు, బాలింత చేతులు బోసిగా ఉండకూడదని. వాటి కిందికి సబ్బు చేరదని, అక్కడ తడి ఆరదని, ఆ తడిలోనే క్రిములు బతుకుతాయని చెబితే చాలామంది ఒప్పుకుంటారు. గోళ్లు కత్తిరించుకుని, చేతులు మోచేతి దాకా 2 నిమిషాలు కడగాలి. ఆ తర్వాత బిడ్డను ముట్టుకునే ముందు ప్రతిసారీ సబ్బుతో అయితే 40 నుంచి 60 సెకన్లు, శానిటైజర్‌తో అయితే 20 నుంచి 30 సెకన్లు. ముందు అరచేతులు, తర్వాత చేతి వెనక భాగం, వేళ్ల సందులు, ముడిచిన వేళ్ల వెనక, బొటనవేలు, చివర వేళ్ల కొసలు. తొందరలో అందరూ వదిలేసేవి చివరి రెండే. బిడ్డకు ముందుగా తగిలేవి కూడా అవే.

తప్పులు ఎక్కువగా జరిగేది కడిగాక. తడి చేతులకు క్రిములు సులువుగా అంటుకుంటాయి కాబట్టి పూర్తిగా ఆరాలి. గోడకు వేలాడే ఉమ్మడి తువ్వాలుతో తుడిస్తే పది మంది చేతుల మురికి మళ్లీ మన చేతికి వస్తుంది. ఒకసారి వాడి పారేసే కాగితం గానీ, ఉతికి స్టెరిలైజ్ చేసిన చిన్న గుడ్డ గానీ ఉండాలి, లేదా గాలికి ఆరనివ్వాలి. కుళాయి మోచేత్తోనో కాలితోనో కట్టేసేలా ఉండాలి. లోపలికొచ్చాక ఫోన్ ముట్టుకుంటే చేసిందంతా వృథా. ఫోటో తీయాలనిపించడం సహజమే, కానీ తీశాక మళ్లీ చేతులు శుభ్రం చేసుకున్నాకే బిడ్డ జోలికి వెళ్లాలి.

శిక్షణ పొందిన తల్లి కూడా సింకును గమనించదు. గమనించాలి. సబ్బు బిళ్ల నీళ్లలో నానుతూ ఉందా? ద్రవ సబ్బు సీసా ఖాళీ అయినప్పుడల్లా కడగకుండా పైపైన నింపుతున్నారా? మిగిలిన పాలు, గ్లూకోజు సెలైన్ అదే సింకులో పారబోస్తున్నారా? క్లెబ్సియెల్లా, సూడోమోనాస్ లాంటి బ్యాక్టీరియా తడిగా ఉండే తూము గొట్టాల్లో పాగా వేస్తాయి. పాలూ గ్లూకోజూ వాటికి మేత. కుళాయి ధార నేరుగా తూములో పడితే చిందిన తుంపరలు చుట్టూ ఉన్న ట్రేల మీదికి చేరతాయి. అందుకే చేతులు కడిగే సింకులో ఉగ్గుగిన్నెలు, ఇంకే సామాన్లూ కడగకూడదు.

ఇంతమందిని లోపలికి రానిస్తే ఇన్ఫెక్షన్లు పెరగవా అని కుటుంబాలే అడుగుతుంటాయి. లోహియా ఆసుపత్రిలోనే 295 మంది పిల్లలతో పరిశోధన చేసి చూశారు. తల్లిదండ్రులు చేయి వేసిన పిల్లల్లో ఆసుపత్రి ఇన్ఫెక్షన్లు పెరగలేదు. ఇంటికెళ్లే సమయానికి తల్లిపాలు మాత్రమే తాగుతున్న పిల్లలు ఆ గుంపులో 80 శాతం, మామూలు పద్ధతిలో చూసిన గుంపులో 67 శాతం. దీనికి కారణం ఊహించడం కష్టం కాదు. తల్లి చేయి ఒక్క బిడ్డనే తాకుతుంది. ఒక బిడ్డ నుంచి ఇంకో బిడ్డకు క్రిములను మోసేది ఎక్కువగా సిబ్బంది చేతులు, స్టెతస్కోపులు, థర్మామీటర్లు. తుడవడం, గుడ్డ మార్చడం, పాలు పట్టడం తల్లి చూసుకుంటే బిడ్డ మీద పడే చేతుల సంఖ్యే తగ్గుతుంది.

కంగారూ పద్ధతిది ఇంకా బలమైన సాక్ష్యం. 2021లో వెలువడిన అయిదు దేశాల అధ్యయనంలో ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి కూడా ఉంది. ఒక కిలో నుంచి 1.8 కిలోల లోపు బరువున్న పిల్లలను, బాగా కుదుటపడేదాకా ఆగకుండా పుట్టిన వెంటనే తల్లి ఒంటికి హత్తుకుని ఉంచారు. 28 రోజుల్లోపు మరణాలు 15.7 శాతం నుంచి 12 శాతానికి తగ్గాయి, సెప్సిస్ (రక్తం ద్వారా ఒళ్లంతా పాకే తీవ్రమైన ఇన్ఫెక్షన్) కూడా తగ్గింది. తల్లి చర్మం మీది మామూలు బ్యాక్టీరియా బిడ్డ ఒంటి మీద ముందుగా స్థిరపడితే ఆసుపత్రి బ్యాక్టీరియాకు చోటు తక్కువ దొరుకుతుంది. రోజుకు కనీసం 8 గంటలు, వీలైతే 24 గంటలకు దగ్గరగా చేయమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. చాలా యూనిట్లలో ఉదయం గంట, సాయంత్రం గంటతో సరిపెడుతున్నారు. తల్లికి వెనక్కి వాలే కుర్చీ, తిండి, మరుగుదొడ్డి దగ్గర్లో లేకపోతే ఎన్ని వీడియోలు చూపించినా 8 గంటలు సాధ్యం కాదు. ఈ లోటు తల్లిది కాదు, ఏర్పాట్లది.

పాల విషయం రెండో పాఠంలో బాగానే ఉంది. ముర్రుపాలు రెండు చుక్కలైనా నోట్లో పడాలి. పాలు పిండే ముందు చేతులు కడగాలి, రొమ్మును ప్రతిసారీ సబ్బుతో కడగనక్కర్లేదు. గిన్నె, చెంచా, ఉగ్గుగిన్నె కడిగి కనీసం 10 నిమిషాలు మరిగించాలి. పిండిన పాలు బయట 4 గంటలు, ఫ్రిజ్‌లో 24 గంటలకు మించి ఉంచొద్దు. సీసా మీద తల్లి పేరు, తేదీ, సమయం రాయాలి. ఒకరి పాలు ఇంకొకరి బిడ్డకు వెళ్లే పొరపాటు జరిగేది ఈ పేరు లేనప్పుడే. డబ్బాపాలు, పాలపీక సీసా లోపలికి తేవద్దని చెప్పి ఊరుకోకుండా కారణం కూడా చెప్పాలి: నెలలు నిండని బిడ్డ పేగులకు డబ్బాపాలతో పేగులు కుళ్లే జబ్బు ముప్పు ఎక్కువ.

మంచి అంతా ఇక్కడిదాకా ఉంది. నాలుగు పాఠాలూ అమ్మానాన్నలు ఏం చేయాలో నేర్పుతాయి. ఆసుపత్రి వైపు నుంచి ఏం జరగవచ్చో, జరిగినప్పుడు ఏం తెలుసుకోవాలో వాటిలో తగినంత లేదు. బిడ్డకు అయిదో రోజునో ఎనిమిదో రోజునో ఇన్ఫెక్షన్ వస్తే బయటికొచ్చే మాట ఒక్కటే: ‘ఇన్ఫెక్షన్ ఎక్కువైంది, సంతకం పెట్టండి.’ ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే తల్లి పాల వల్లనో, చూడటానికొచ్చిన చుట్టాల వల్లనో అన్నట్టు జవాబు వస్తుంది. ఆ తల్లి ఆ అపరాధ భావాన్ని ఏళ్ల తరబడి మోస్తుంది. ఇది అన్యాయం, వైద్యపరంగా కూడా చాలాసార్లు తప్పు.

అసలు చెప్పాల్సింది ఇదీ. పుట్టిన 72 గంటల తర్వాత మొదలైన సెప్సిస్, బిడ్డ పుట్టినప్పటి నుంచి ఆసుపత్రిలోనే ఉంటే, ఎక్కువగా ఆసుపత్రి వాతావరణం నుంచి వచ్చిందే. ఢిల్లీలోని మూడు పెద్ద ఆసుపత్రుల్లో 13,530 మంది పిల్లలను గమనించిన అధ్యయనం 2016లో ప్రచురితమైంది. నూటికి 14 మందికి సెప్సిస్ వచ్చింది. మూడింట రెండు వంతులు మొదటి 72 గంటల్లోనే వచ్చాయి, అయినా దొరికిన క్రిములు దాదాపు ఆసుపత్రి రకాలే. అంటే శుభ్రత లెక్క కాన్పు గది నుంచే మొదలుపెట్టాలి. ముందు వరుసలో ఎసినెటోబాక్టర్, తర్వాత క్లెబ్సియెల్లా, ఈ.కోలై. ఎసినెటోబాక్టర్‌లో 82 శాతం, క్లెబ్సియెల్లాలో 54 శాతం అనేక రకాల మందులకు లొంగనివి. ఈ సంగతి చెబితే జనం భయపడతారని కొందరు డాక్టర్లు వెనకాడతారు. చెప్పకపోతే భయం పోదు, అనుమానంగా మారుతుంది.

ఇన్ఫెక్షన్ అనుమానం వచ్చిన రోజున కుటుంబానికి అయిదు నిమిషాలు కేటాయిస్తే ఏం చెప్పవచ్చో చూడండి. రక్తం కల్చర్‌కు (రక్తంలో ఏ క్రిమి ఉందో పెంచి చూసే పరీక్షకు) పంపామా, యాంటీబయాటిక్ మొదలుపెట్టే ముందే తీశామా అన్నది మొదటి మాట. మందు పడ్డాక తీస్తే క్రిమి పెరగకపోవచ్చు, అప్పుడు ఏ మందు పనిచేస్తుందో తెలియకుండానే రోజులు గడుస్తాయి. సీసాలో కనీసం 1 మిల్లీలీటరు రక్తం పడాలి, అంతకన్నా తగ్గితే ఉన్న క్రిమి కూడా దొరకకపోవచ్చు. యంత్రంలో పెట్టిన కల్చర్‌లో క్రిమి ఉంటే చాలావరకు 48 గంటల్లోపే తెలుస్తుంది, చివరి రిపోర్టుకు 5 రోజులు. ‘సీఆర్‌పీ పెరిగింది’ (ఒంట్లో వాపును సూచించే రక్త పరీక్ష) అన్న ఒక్క మాట రోగ నిర్ధారణ కాదు, కష్టమైన కాన్పు తర్వాత కూడా అది పెరుగుతుంది. కల్చర్‌లో ఏమీ రాక, బిడ్డ హుషారుగా ఉంటే రెండు మూడు రోజులకే మందు ఆపేయవచ్చు. రక్తంలో క్రిమి దొరికితే మామూలుగా 10 నుంచి 14 రోజులు, మెదడు పొరలకు పాకితే 21 రోజులు ఇవ్వాలి. రిపోర్టులో మందు పేరు పక్కన ‘ఎస్’ ఉంటే పనిచేస్తుందని, ‘ఆర్’ ఉంటే పనిచేయదని అర్థం. ఈ రెండక్షరాలు చూపించి చెబితే పదో తరగతి చదివిన తండ్రికి కూడా, మందు ఎందుకు మార్చారో, మెరోపెనెమ్ లాంటి బలమైన యాంటీబయాటిక్ దాటి, చివరి అస్త్రంగా వాడే కొలిస్టిన్ దాకా ఎందుకు వెళ్లారో తెలుస్తుంది.

వెన్ను నుంచి నీరు తీసే పరీక్షకు కుటుంబాలు ఒప్పుకోకపోవడం ప్రతి యూనిట్‌లోనూ కనిపించేదే. కాళ్లు పడిపోతాయని భయం. పసిబిడ్డకు సూది వేసేది నడుము కింది భాగంలో, వెన్నుపాము ముగిసిన చోటుకు దిగువన. అక్కడ ద్రవంలో తేలే నరాల పోగులే ఉంటాయి. ఒక బొమ్మ గీసి ఇది చూపిస్తే ఒప్పుకుంటారు. మెదడు పొరల ఇన్ఫెక్షన్‌ను గుర్తించక 10 రోజులకే మందు ఆపితే జరిగే నష్టం, పరీక్ష వల్ల వచ్చే ఇబ్బంది కంటే ఎన్నో రెట్లు ఎక్కువ.

బిడ్డ పక్కన గంటల తరబడి ఉండే తల్లే తేడాను ముందు పట్టుకుంటుంది. బిడ్డ నిన్న పాలు తాగి నేడు వద్దంటుంది. పొట్ట ఉబ్బుతుంది, కడుపులోకి వేసిన గొట్టంలోంచి పచ్చటి పసరు వస్తుంది. పాదాలు చల్లబడతాయి, చర్మం మీద మచ్చలు మచ్చలుగా రంగు మారుతుంది. ఊపిరి ఆగి ఆగి తీసుకుంటుంది లేదా నిమిషానికి 60 దాటుతుంది, డొక్కలు ఎగరేస్తుంది. పసిబిడ్డకు ఇన్ఫెక్షన్ వస్తే జ్వరమే రావాలని లేదు, ఒళ్లు చల్లబడటమే ఎక్కువ. ‘ఎందుకో బిడ్డ నిన్నటిలా లేదు సిస్టర్’ అని తల్లి అంటే దాన్ని కేస్ షీటులో రాసి డాక్టరును పిలిచే యూనిట్ మంచి యూనిట్. ‘నీకేం తెలుసమ్మా’ అంటే ఆ శిక్షణంతా గోడ మీది పోస్టర్ వరకే.

అడగదగ్గ ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. బొడ్డు రక్తనాళంలో వేసిన గొట్టం ఇంకా అవసరమా, ఎప్పుడు తీస్తారు? రోజుకొకసారి ఈ మాట అనుకోవడం సిబ్బంది పద్ధతిలోనే ఉండాలి, ఎందుకంటే ఉన్న ప్రతి రోజూ ముప్పు పెరుగుతుంది. సెలైన్ సూది దగ్గర వాపు, ఎరుపు కనిపిస్తే వెంటనే చెప్పాలి. మందు ఎక్కించే ముందు గొట్టం మూతను స్పిరిట్ దూదితో 15 సెకన్లు రుద్దాలి. ఆక్సిజన్ సీసాలో స్టెరైల్ నీళ్లు రోజూ మార్చాలి, మార్చిన తేదీ దాని మీద ఉండాలి. ఒక బిడ్డకు ఒక వార్మర్ (బిడ్డను వెచ్చగా ఉంచే పడక), ఒక స్టెతస్కోపు, ఒక థర్మామీటర్. ఒకే వార్మర్ మీద ఇద్దరిని పడుకోబెట్టారంటే అది రద్దీ వల్లే కావచ్చు, కానీ ఒకరి క్రిమి ఇంకొకరికి పాకడానికి అంతకన్నా దగ్గరి దారి లేదు. సూపరింటెండెంటుకు రాతపూర్వకంగా చెప్పాల్సిన విషయం అది. ‘సిస్టర్ గారూ, ముట్టుకునే ముందు చేతికి శానిటైజర్ రాసుకుంటారా?’ అని అడగడం తప్పు కాదు. ఆ మాట అంటే తర్వాత బిడ్డను సరిగా చూడరేమో అన్న భయం మాత్రం నిజం. ఆ భయం పోగొట్టే పని తల్లిది కాదు, ఇన్‌ఛార్జి డాక్టరుది. ‘మమ్మల్నీ అడగండి’ అని మొదటి రోజే ఆయనే చెబితే చాలు.

సిబ్బంది వైపు కూడా చూడాలి. ఎస్‌ఎన్‌సీయూలో మూడు నలుగురు పిల్లలకు ఒక సిస్టర్ ఉండాలన్నది లెక్క. ఆ లెక్క తప్పిన రాత్రి ఒక బిడ్డ నుంచి ఇంకో బిడ్డకు పరుగెత్తే మధ్యలో చేతికి శానిటైజర్ రాసుకోవడానికి 20 సెకన్లు కూడా దొరకవు. ముందుగా ఎగిరిపోయేది ఈ శిక్షణ తరగతే.

ప్రైవేటు ఎన్‌ఐసీయూల్లో (నవజాత శిశువుల ఐసీయూల్లో) ఇలాంటి పద్ధతైన శిక్షణ అరుదు. యంత్రాలు బాగుంటాయి, తల్లికి దొరికేది మాత్రం రోజుకు కొన్ని నిమిషాలే. చేర్చే ముందు మూడు అడగండి: తల్లి ఎన్ని గంటలు లోపల ఉండొచ్చు, కల్చర్ రిపోర్టు కాపీ ఇస్తారా, ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సు ఉన్నారా. ఎన్‌ఏబీహెచ్ (ఆసుపత్రుల నాణ్యతను పరిశీలించే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ఆసుపత్రి తన ఇన్ఫెక్షన్ల రేటును లెక్కగట్టాలి, కాబట్టి ఆ అంకె అడగడం వింత కోరిక కాదు. ఆరోగ్యశ్రీలో (ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) నవజాత శిశువుల చికిత్సలున్నాయి, మీ బిడ్డకు ఏది వర్తిస్తుందో ఆరోగ్యమిత్రను చేరిన రోజే కలవండి. కేస్ షీటు నకలు రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని వైద్య మండలి నిబంధన. ప్రభుత్వ ఆసుపత్రి డాక్టర్లకూ అదే వర్తిస్తుంది.

చివరి పాఠం ఇంటి గురించి. బొడ్డుకు పసుపు, పౌడరు, నూనె ఏదీ రాయకుండా పొడిగా వదిలేయాలి. కంటికి కాటుక, ముక్కులో చెవిలో నూనె చుక్క, నోట్లో తేనె, ఆముదం, వస వద్దు. ఇవి వద్దని కోడలికి చెబితే సరిపోదు, నానమ్మను కూర్చోబెట్టి చెప్పాలి. మంచి యూనిట్లు అలాగే చేస్తున్నాయి. ఆశా కార్యకర్త 42వ రోజు దాకా ఇంటికొచ్చి చూస్తుంది. పాలు తాగకపోయినా, ఒళ్లు చల్లబడినా, ఫిట్స్ వచ్చినా ఆమె వచ్చేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయాలి.

ఇన్ఫెక్షన్ తగ్గి ఇంటికెళ్లే బిడ్డ డిశ్చార్జి కాగితంలో మూడు ఉండాలి: దొరికిన క్రిమి పేరు, ఏ మందు ఎన్ని రోజులిచ్చారు, కంటి, చెవి పరీక్షల తేదీలు. జెంటామైసిన్, అమికాసిన్ లాంటి మందులు వినికిడిని దెబ్బతీయగలవు. 34 వారాల్లోపు పుట్టినా, 2 కిలోల కన్నా తక్కువ బరువున్నా కంటి రెటీనా పరీక్ష పుట్టిన 30 రోజుల్లోపు జరగాలి. 28 వారాల్లోపు పుట్టినా, 1,200 గ్రాముల కన్నా తక్కువున్నా రెండు మూడు వారాలకే జరగాలి. సెప్సిస్ వచ్చిన బిడ్డకు, నెలలు నిండని పిల్లల రెటీనాకు వచ్చే జబ్బు ముప్పు ఇంకా ఎక్కువ. తేదీ కాగితం మీద లేకపోతే వార్డు దాటకముందే సిస్టర్‌తో రాయించుకోండి.